గేరు పడటం లేదంటే తప్పు గేర్‌బాక్సుదేనా?

పాతికేళ్లో ముప్పై ఏళ్లో దాటిన మాన్యువల్ స్పోర్ట్స్ కారు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంటోంది, బ్రేకులు బాగున్నాయి. సెకండు గేరు వేసినప్పుడల్లా మాత్రం గరగరమంటోంది. రివర్సు వేయబోతే పళ్లు జివ్వుమనేలా కర్రుమంటోంది. ఈ మాట చెప్పగానే ఒకరు "సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు) పోయింది, గేర్‌బాక్సు విప్పాల్సిందే" అంటారు. ఇంకొకరు "ఆయిల్ మార్చి చూడండి" అంటారు. మూడోవారు "క్లచ్‌లో గాలి పట్టింది" అంటారు. ముగ్గురూ తాము చూసిన బండి మట్టుకు నిజమే చెప్పి ఉంటారు. గేరు సరిగా పడకపోవడం జ్వరం లాంటిది. జ్వరమని చెప్పినంత మాత్రాన రోగం పేరు తెలియదు.

దీని వెనక నాలుగు చోట్ల తప్పు ఉండొచ్చు. క్లచ్ పూర్తిగా విడవకపోవచ్చు. గేరు రాడ్డుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉన్న లింకేజీ అరిగిపోయి ఉండొచ్చు. లోపల తప్పు రకం ఆయిల్ ఉండొచ్చు. లేదా నిజంగానే లోపలి భాగాలు అరిగిపోయి ఉండొచ్చు. డ్రైవరు చేతికి ఈ నాలుగూ దాదాపు ఒకేలా తెలుస్తాయి. పనిలో తేడా మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత. క్లచ్‌ని విడిపించే, బయట బిగించిన స్లేవ్ సిలిండర్ మార్చడం ఒక పూట పని. గేర్‌బాక్సు దించి, విప్పి, మళ్లీ కట్టడం రోజుల పని. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, క్లచ్ చేసిన తప్పుకి గేర్‌బాక్సు విప్పిన సందర్భాలు పాత బండ్లలో తక్కువేమీ కాదు.

## గేరు మారేటప్పుడు లోపల జరిగేది

ఇంజన్ చివర ఫ్లైవీల్ ఉంటుంది. దానికీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య క్లచ్ ప్లేటు నొక్కుకుని ఉంటుంది. క్లచ్ ప్లేటు నడిమి రంధ్రంలోని గాడుల్లోకి గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ దూరి ఉంటుంది. పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు వెనక్కి జరుగుతుంది, క్లచ్ ప్లేటు రెండు వైపులా వదులవుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్‌కి ఇంజన్‌తో బంధం తెగిపోతుంది.

గేరు మార్చినప్పుడు పళ్ల చక్రాలు ఒకదానిలోంచి ఊడి మరొకదానిలోకి దూరతాయని చాలామంది అనుకుంటారు. ముందుకు నడిపే గేర్ల విషయంలో అలా జరగదు. ఆ చక్రాల జతలన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతుంటాయి. ఒక్కో జతలో ఒక చక్రం మాత్రం షాఫ్ట్ మీద వదులుగా తిరుగుతుంది. దాన్ని షాఫ్ట్‌కి కట్టేసేది స్లీవ్ అనే కంకణం. మనం రాడ్డు తోస్తే లోపల ఫోర్కు ఈ స్లీవ్‌ని జరుపుతుంది. స్లీవ్ లోపలి పళ్లు, చక్రం పక్కన ఉండే చిన్న డాగ్ పళ్లని పట్టుకుంటాయి. గరగరమని వినిపించేది ఈ చిన్న పళ్ల రాపిడే, పెద్ద చక్రాలది కాదు.

షాఫ్ట్ వేగమూ చక్రం వేగమూ వేరుగా ఉన్నప్పుడు స్లీవ్ నేరుగా దూరలేదు. ఆ రెండింటినీ ఒకటి చేసేది సింక్రో రింగు. సాధారణంగా ఇత్తడిది. చక్రం పక్కన ఉన్న శంకువు ఆకారపు భాగానికి ఈ రింగు ముందుగా ఒత్తుకుంటుంది, రాపిడితో వేగాలు సమానం చేస్తుంది. సమానమయ్యేదాకా రింగు అంచున ఉన్న పళ్లు స్లీవ్‌కి అడ్డం నిలుస్తాయి. సమానం కాగానే రింగు కాస్త పక్కకి తిరిగి దారి ఇస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

ఈ ఏర్పాటుని కార్లలోకి 1928లో తెచ్చింది కాడిలాక్. పోర్షే తన సొంత పద్ధతి చీలిక రింగులని 1952లో 356 మోడల్లో ముందు గేర్లన్నిటికీ పెట్టింది. అందరూ అంత తొందరపడలేదు. బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో 1967 దాకా ఫస్టు గేరుకి సింక్రోనే లేదు. అలాంటి బండి పూర్తిగా ఆగకముందే ఫస్టు వేస్తే గరగరమనడం దాని సహజ గుణం, రిపేరు చేయాల్సిన లోపం కాదు.

ఇన్‌పుట్ షాఫ్ట్, క్లచ్ ప్లేటు, వాటితో తిరిగే చక్రాలు, అన్నీ కలిపి కొన్ని కిలోల బరువు. సింక్రో రింగు తాళగలిగేది ఆ బరువుని మాత్రమే. క్లచ్ పూర్తిగా విడవకపోతే ఆ చిన్న ఇత్తడి రింగు ఏకంగా ఇంజన్‌తో కుస్తీ పట్టాలి. అప్పుడు మంచి సింక్రో కూడా చెడిపోయినదానిలాగే అరుస్తుంది. కొన్ని నెలలు అలాగే నడిపితే నిజంగానే చెడిపోతుంది.

## సెకండు గేరే ముందు ఎందుకు అరుగుతుంది

ఒక లెక్క చూద్దాం. మొదటి తరం మజ్దా ఎంఎక్స్-5 ఐదు గేర్ల నిష్పత్తులు వరసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర ఉండగా ఫస్టు నుంచి సెకండుకి మార్చారనుకోండి. కొత్త గేరులో ఇన్‌పుట్ షాఫ్ట్ తిరగాల్సిన వేగం 6000 × 1.888 ÷ 3.136, అంటే సుమారు 3612. సింక్రో తగ్గించాల్సిన తేడా 2388. అదే 6000 దగ్గర ఫోర్తు నుంచి ఫిఫ్తుకి మారిస్తే కొత్త వేగం 4884, తేడా 1116 మాత్రమే.

రింగు మీద పడే పని ఈ తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2388ని 1116తో భాగిస్తే 2.14. దాని వర్గం దాదాపు 4.6. అంటే ప్రతి మార్పులోనూ ఫిఫ్తు సింక్రో కంటే సెకండు సింక్రో నాలుగున్నర రెట్లు ఎక్కువ శ్రమ పడుతోంది. పైగా థర్డు నుంచి కిందికి దిగేటప్పుడు కూడా సెకండు సింక్రోకే పని. చాలామంది తయారీదారులు సెకండుకి పెద్ద రింగో, రెండు మూడు పొరల శంకువో పెట్టడం వెనక కారణమిదే.

ఇదే లెక్కని తిప్పి చూస్తే ఒక ఊరట ఉంది. 6000కి బదులు 3000 దగ్గర మారిస్తే వేగాల తేడా సగమవుతుంది, సింక్రో శ్రమ నాలుగో వంతుకి పడిపోతుంది.

## ఇంజన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి

ఏ పనిముట్టూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. బండిని సమతలమైన చోట నిలిపి, ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి ఐడిల్‌లో అదే పని చేయాలి.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గేర్లన్నీ మెత్తగా పడి, నడుస్తున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ విడవడం లేదని గట్టిగా అనుమానించొచ్చు. రెండు సందర్భాల్లోనూ బిగువుగానే ఉంటే లింకేజీనో, ఫోర్కులు నడిచే కడ్డీలనో చూడాలి. నిలబడి ఉన్నప్పుడు రెండు విధాలా బాగానే ఉండి, రోడ్డు మీద ఒక్క గేరు మాత్రమే గరగరమంటే ఆ గేరు సింక్రో మీదికి వేలు పోతుంది. చల్లగా ఉన్న మొదటి పది నిమిషాలే ఇబ్బంది పెట్టి తర్వాత సర్దుకుంటే ఆయిల్ గురించి ఆలోచించాలి. ఇంజన్ ఆగి ఉండగా ఒక్కోసారి పన్నుకి పన్ను ఎదురై గేరు అసలు దూరదు. అప్పుడు న్యూట్రల్‌లో బండిని కొద్దిగా ముందుకో వెనక్కో తోసి మళ్లీ వేస్తే పడుతుంది. దాన్ని లోపంగా లెక్కేయకూడదు.

క్లచ్ మీది అనుమానాన్ని రివర్సు గేరు తేలుస్తుంది. పాత గేర్‌బాక్సులు చాలావాటిలో రివర్సుకి సింక్రో ఉండదు. ఐడిల్‌లో క్లచ్ తొక్కిన మరుక్షణమే రివర్సు వేస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ ఇంకా ఊపులో తిరుగుతూ ఉంటుంది కాబట్టి కర్రుమంటుంది. అది మామూలే. తొక్కి పట్టుకుని ఐదు లెక్కపెట్టాక వేయండి. అప్పటికి షాఫ్ట్ ఆగిపోయి ఉండాలి. అయినా కర్రుమంటే ఎవరో దాన్ని తిప్పుతున్నట్టే.

## పట్టు బాగున్న క్లచ్ కూడా విడవకపోవచ్చు

ఇక్కడ రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి. క్లచ్ జారడం అంటే పెడల్ వదిలేశాక కూడా ప్లేటు పట్టు నిలవకపోవడం. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ వేగం పెరుగుతుంది, బండి వేగం పెరగదు. క్లచ్ విడవకపోవడం దీనికి సరిగ్గా ఎదురు: తొక్కినా ప్లేటు వదలదు. "క్లచ్ కొత్తగా వేశాం, పట్టు గట్టిగా ఉంది, కాబట్టి తప్పు గేర్‌బాక్సుదే" అనే వాదన ఈ రెండూ ఒకటనుకోవడం వల్ల పుట్టేదే.

విడవడానికి ఎంత తక్కువ చోటు ఉంటుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. హైడ్రాలిక్ క్లచ్‌లో పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ద్రవాన్ని తోస్తుంది, ఆ ద్రవం స్లేవ్ సిలిండర్ కడ్డీని తోస్తుంది. పెడల్ కింద మాస్టర్ సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 15.87 మి.మీ., గేర్‌బాక్సు దగ్గర స్లేవ్ సిలిండర్ బోరు 19.05 మి.మీ. అనుకుందాం. వాటి వైశాల్యాలు వరసగా 1.98, 2.85 చదరపు సెంటీమీటర్లు. మాస్టర్ పిస్టన్ 25 మి.మీ. కదిలితే 4.95 మి.లీ. ద్రవం కదులుతుంది, స్లేవ్ కడ్డీ 17.4 మి.మీ. బయటికి వస్తుంది. ఇప్పుడు పైపులో అర మిల్లీలీటరు గాలి ఉందనుకోండి. క్లచ్ స్ప్రింగు ఒత్తిడికి ఆ గాలి దాదాపు పూర్తిగా నలిగిపోతుంది. స్లేవ్ దగ్గర సుమారు 1.7 మి.మీ. కదలిక మాయమవుతుంది. క్లచ్ ఫోర్కు దాన్ని సగం చేస్తే, ప్రెషర్ ప్లేటు వేళ్లని నొక్కే రిలీజ్ బేరింగ్ దగ్గర 0.8, ఆ వేళ్లు నాలుగో వంతు చేస్తే చివరికి ప్లేటు దగ్గర 0.2 మి.మీ. లోటు.

0.2 మి.మీ. అంటే ఏపాటి అనిపించొచ్చు. కానీ ప్రెషర్ ప్లేటు మొత్తం వెనక్కి జరిగేదే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. అందులోనూ ఒత్తిడి తగ్గగానే క్లచ్ ప్లేటు తన లోపలి మెత్తదనంతో ఉబ్బి కొంత చోటు తినేస్తుంది. రెండు వైపులా నిజంగా మిగిలే ఖాళీ మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. అందులోంచి 0.2 పోతే ప్లేటు ఫ్లైవీల్‌ని తాకుతూనే ఉంటుంది.

గాలి ఒక్కటే కారణం కాదు. పెడల్‌నీ మాస్టర్ కడ్డీనీ కలిపే పిన్ను, దాని రంధ్రాలు అరిగి 2 మి.మీ. ఆట ఏర్పడితే స్లేవ్ దగ్గర 1.4 మి.మీ. పోతుంది. పై లెక్కలోని గాలి బుడగ చేసిన నష్టంతో దాదాపు సమానం. దీనికి ఎన్నిసార్లు గాలి తీసినా ఉపయోగం ఉండదు. మూడుసార్లు గాలి తీసినా మార్పు లేదన్న బండిలో మొదట టార్చి వేసి చూడాల్సిన చోటు పెడల్ బాక్సు.

ద్రవం వైపు తప్పు ఉంటే రెండు సూచనలు కనిపిస్తాయి. పెడల్‌ని వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే గేరు తేలిగ్గా పడుతుందా? పడితే గాలి చేరినట్టు, లేదా సీలు బలహీనపడినట్టు. ఫస్టులో క్లచ్ తొక్కి అర నిమిషం పట్టుకుంటే బండి మెల్లగా ముందుకి పాకబోతుందా? అయితే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు దాటుకుని ద్రవం వెనక్కి పోతోంది. బయటికి చుక్క కూడా కారదు కాబట్టి ఈ రెండో లోపం చాలాకాలం దొరకదు. స్లేవ్ రబ్బరు తొడుగు కొసని కాస్త ఎత్తి చూస్తే తడి కనబడటం మొదటి తరం ఎంఎక్స్-5లో అతి మామూలు దృశ్యం. మాస్టర్, స్లేవ్ ఒకే వయసువి. ఒకటి కొత్తది వేయగానే పెరిగిన ఒత్తిడికి రెండోది కారడం మొదలెడుతుంది కాబట్టి రెండూ కలిపి మార్చడం పరిపాటి. వాటి మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని కూడా వదలకూడదు. పాతబడ్డ గొట్టం తొక్కినప్పుడల్లా ఉబ్బి కదలికని మింగుతుంది. లోపలి పొర ఊడితే ద్రవం వెళ్లడమే తప్ప తిరిగి రాదు. క్లచ్‌లో పోసే ద్రవాల్లో డాట్ 5 సిలికాన్ రకాన్ని డాట్ 4తో కలపకూడదు. పేరులో పోలిక ఉన్నా డాట్ 5.1 వేరు, అది డాట్ 4 కుటుంబమే.

కేబుల్ క్లచ్ ఉన్న బండ్లలో గాలి సమస్య ఉండదు. కేబుల్ సాగడం, తొడుగులో బిగుసుకుపోవడం, సర్దుబాటు తప్పడం ఉంటాయి. 1980ల ఫోర్డ్ ముస్టాంగ్‌లలో పెడల్ దగ్గర తనంతట తానే సర్దుకునే ప్లాస్టిక్ పళ్ల ముక్క అరిగిపోవడం బాగా తెలిసిన జబ్బు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, స్లేవ్ కడ్డీ సర్వీస్ మాన్యువల్ పుస్తకం చెప్పినంత దూరమూ కదులుతుంటే, అప్పుడు క్లచ్‌ని కప్పి ఉంచే బెల్‌హౌసింగ్ లోపల వెతకాలి. క్రాంక్ చివర ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కుని మోసే పైలట్ బేరింగ్ బిగుసుకుపోతే క్లచ్ పూర్తిగా విడిచినా ఇంజన్ ఆ షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిపి ఉంచిన బండిలో ఇన్‌పుట్ షాఫ్ట్ మీది గాడులు (స్ప్లైన్లు) తుప్పు పట్టి ప్లేటు జరగదు, లేదా ప్లేటే ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది. పోర్షే 944లో వచ్చిన అసలు క్లచ్ ప్లేటు నడిమధ్య స్ప్రింగులకి బదులు రబ్బరు ఉండేది. అది ముక్కలై ఇరుక్కుంటే గేర్లు ఉన్నట్టుండి మొరాయిస్తాయి. కొత్త ప్లేటుని ముందువెనకలుగా బిగించిన సందర్భాలు కూడా లేకపోలేదు.

## రాడ్డు దగ్గర ఒక మిల్లీమీటరు, పిడి దగ్గర నాలుగు

లింకేజీ మూడు రకాలు. ఎంఎక్స్-5, ఎంజీబీ లాంటివాటిలో గేరు రాడ్డు నేరుగా గేర్‌బాక్సు నెత్తి మీదే కూర్చుంటుంది. ఇంజన్ వెనక ఉన్న పోర్షే 911లోనూ, గేర్‌బాక్సు వెనక ఉన్న 944, ఆల్ఫా రోమియో 75లోనూ పొడవాటి కడ్డీ వెనక్కి వెళ్తుంది. ఇంజన్ మధ్యలో ఉన్న టొయోటా ఎంఆర్2 లాంటివాటిలో రెండు కేబుళ్లు ఉంటాయి.

పిడి నుంచి ఇరుసు దాకా 200 మి.మీ., ఇరుసు కింద 50 మి.మీ. ఉన్న రాడ్డులో కింద మిల్లీమీటరు ఆట పిడి దగ్గర 4 మి.మీ. ఊగులాటగా కనబడుతుంది. మూడు కీళ్లలో ఒక్కోచోట అర మిల్లీమీటరు అరిగితే పైన 6 మి.మీ. "రాడ్డు గంజిలో తెడ్డులా తిరుగుతోంది" అనే ఫిర్యాదు ఇక్కడిదే. ఊగులాట వల్ల చిరాకు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. పైన రాడ్డు చివరిదాకా వెళ్లినా లోపల స్లీవ్ ఆ మిల్లీమీటరున్నర వెనకే ఆగిపోతుంది. డాగ్ పళ్లు కొసలతో మాత్రమే పట్టుకుంటాయి. ఇంజన్ బలమంతా ఆ కొసల మీద పడి అవి గుండ్రంగా అరిగిపోతాయి. పెద్దగా ఖరీదు లేని ప్లాస్టిక్ బుష్షు గేర్‌బాక్సుని చంపే మార్గం ఇదీ.

911లో క్యాబిన్ సొరంగం వెనక భాగంలో మూత కింద ఉండే కప్లర్ బుష్షులు పొడిపొడిగా రాలిపోయి దొరకడం సర్వసాధారణం. అవి మార్చాక కడ్డీ బిగింపుని మళ్లీ సర్దాలి. సర్దుబాటు కొద్దిగా తప్పినా ఒక వైపు గేర్లు లోతుగా, మరో వైపువి పైపైన పడతాయి. ఎంఎక్స్-5లో రాడ్డు అడుగున నైలాన్ గిన్నె, దాని చుట్టూ రబ్బరు తొడుగులు ఉంటాయి. రాడ్డు కూర్చునే టరెట్‌కి గేర్‌బాక్సుతో సంబంధం లేని విడి ఆయిల్ ఉంటుంది, వంద మి.లీ. కంటే తక్కువే. తొడుగు చిరిగితే ఆ ఆయిల్ ఎండిపోయి రాడ్డు గరుకుగా కదులుతుంది. గేర్‌బాక్సు ఆయిల్ మార్చినా ఈ గరుకు పోదు.

పొట్టి రాడ్డు గురించి రెండు అభిప్రాయాలున్నాయి. చేతి కదలిక తగ్గి మార్పు చురుగ్గా ఉంటుందంటారు ఇష్టపడేవారు. నిజమే. కదలిక నాలుగో వంతు తగ్గితే చేతి బలం ఆ మేరకు పెరగాలి, తొందరపాటు నేరుగా సింక్రో మీద పడుతుందంటారు వద్దనేవారు. అదీ నిజమే. అరిగిన బుష్షులకి మాత్రం పొట్టి రాడ్డు మందు కాదు.

## జీఎల్-4, జీఎల్-5 తగువు

గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్ అంకె అధిక ఒత్తిడిని తట్టుకునే రసాయనాల స్థాయిని చెబుతుంది. జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న ఆ రసాయనాలు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు. వెనక యాక్సిల్‌లో ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ పళ్ల కోసం పుట్టిన ఆయిల్ అది.

జీఎల్-5 గేర్‌బాక్సులో వద్దనేవారి మొదటి వాదన, చురుకైన గంధకం ఇత్తడి రింగులని తినేస్తుందని. ఇప్పటి ఆయిళ్లలో గంధకం వేడెక్కేదాకా చురుకుగా ఉండదనీ, రాగి తుప్పు పరీక్షలో అవి నెగ్గుతున్నాయనీ ఎదుటివారి జవాబు. ఈ జవాబులో బలం ఉంది. రెండో వాదన ఇంకాస్త గట్టిది. సింక్రో రింగు పని రాపిడి పుట్టించడం. పళ్లని కాపాడటానికి వేసిన జారుడు పొర రింగుకీ శంకువుకీ మధ్య కూడా చేరితే రింగు పట్టాల్సిన చోట జారుతుంది, వేగాలు సమానం కావడానికి ఎక్కువ సమయం పడుతుంది. రింగుకి హాని జరగకపోయినా గేరు గరగరమంటుంది. తుప్పు వాదన పాతబడి ఉండొచ్చు గానీ రాపిడి వాదన పాతబడలేదు. గేర్‌బాక్సూ, చక్రాలకి బలం అందించే ఫైనల్ డ్రైవూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉండే ట్రాన్సాక్సిల్ బండ్లలో మాత్రం పళ్ల అవసరమూ తీరాలి, రింగుల అవసరమూ తీరాలి. అక్కడ తయారీదారు మాన్యువల్ మాటే ప్రమాణం.

అసలు గేర్ ఆయిలే అక్కర్లేని గేర్‌బాక్సులు కూడా ఉన్నాయి. ఎంజీబీకి ఇంజన్ ఆయిలే పోస్తారు. ముస్టాంగ్‌లో వాడిన బోర్గ్-వార్నర్ టీ-5 వరల్డ్ క్లాస్ రకానికి ఆటోమేటిక్ గేర్‌బాక్సు ద్రవం. దాని రింగుల మీద పీచు పొర ఉంటుంది, చిక్కటి గేర్ ఆయిల్ దానికి పడదు. "75డబ్ల్యూ-90 కదా, ఇంజన్ ఆయిల్ కంటే ఎంతో చిక్కన" అనే నమ్మకం కూడా సరికాదు. రెండింటి కొలమానాలు వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 ఇంజన్ ఆయిళ్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

చల్లని ఉదయం సెకండు మొరాయించడానికి కారణం, చిక్కబడ్డ ఆయిల్ పొరని రింగు గాడులు త్వరగా కోసేయలేకపోవడం. కంచె లాంటి లోహపు పలక గుండా రాడ్డు కదిలే పాత ఫెరారీలలో ఆయిల్ వేడెక్కేదాకా ఫస్టు నుంచి నేరుగా థర్డుకి వెళ్లడం యజమానులకి అలవాటే. 1972 నుంచి 1986 దాకా 911లో వచ్చిన 915 గేర్‌బాక్సు కూడా చల్లగా ఉన్నప్పుడు తొందరపెడితే ఒప్పుకోదు. 1987లో వచ్చిన జీ50కి వేరే రకం సింక్రోలు, హైడ్రాలిక్ క్లచ్ ఇచ్చారు.

ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే బిరడా వదులైందో లేదో చూసుకున్నాకే కింది బిరడా తీస్తారు. పైది రాకపోతే ఖాళీ గేర్‌బాక్సుతో చిక్కుబడిపోతాం. అయస్కాంత బిరడాకి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకోవడం మామూలు. ఆయిల్‌లో బంగారు మెరుపు కనబడితే అది ఇత్తడి రింగుల పొడి. చేతికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు దొరికితే ఆయిల్ గురించి చర్చ అక్కడితో ఆపేయొచ్చు.

## వేసిన గేరు ఊడి న్యూట్రల్‌లోకి వస్తే

ఇంజన్ మౌంటు తెగితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి మెలిపడతాయి. రాడ్డు క్యాబిన్‌కి ఆనుకుని ఉంటే అదే గేరుని బయటికి లాగేస్తుంది. రాడ్డు చుట్టూ ఉన్న తోలు తొడుగు మరీ బిగువుగా ఉన్నా ఇలాగే జరగొచ్చు, దాన్ని తీసేసి నడిపి చూస్తే తేలిపోతుంది. తర్వాత లింకేజీ సర్దుబాటు. ఆ తర్వాతే లోపలి కారణాలు: గేరుని స్థానంలో ఆపే గుండు, స్ప్రింగు బలహీనపడటం, ఫోర్కు కొసలు అరగడం, డాగ్ పళ్లు గుండ్రబడటం. 1980ల ఎంఆర్2లలో ఫిఫ్తు ఊడిరావడం బాగా తెలిసిన ఫిర్యాదు. నడిపేటప్పుడు రాడ్డు మీద చెయ్యి వేసుకుని ఉండే అలవాటు ఫోర్కుని తిరుగుతున్న స్లీవ్‌కేసి నిరంతరం ఒత్తుతుంది, ఫోర్కు అరుగుదలకి అదొక్కటీ చాలు.

శబ్దం విషయం క్లుప్తంగా. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే వచ్చి, తొక్కితే ఆగే రొద ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగులది, లేదా దాని పక్కనే తిరిగే లేషాఫ్ట్ బేరింగులది. తొక్కితే మొదలయ్యే కీచుమనే శబ్దం రిలీజ్ లేదా పైలట్ బేరింగ్‌ది. ఫోర్తులో బలం లేషాఫ్ట్ మీదుగా కాక నేరుగా వెళ్లే గేర్‌బాక్సులో అన్ని గేర్లలో రొద ఉండి ఫోర్తులో తగ్గితే లేషాఫ్ట్ మీద అనుమానం.

## ఇంజన్ వేగం సరిపెట్టినంత మాత్రాన సింక్రోకి విశ్రాంతి దొరకదు

కింది గేరుకి వచ్చేటప్పుడు క్లచ్ తొక్కి ఉంచి యాక్సిలరేటర్ ఒక్కసారి తన్ని వదిలితే సింక్రో బతుకుతుందని చాలామంది నమ్మకం. క్లచ్ తొక్కి ఉన్నప్పుడు పెరిగేది ఇంజన్ వేగం ఒక్కటే. ఇన్‌పుట్ షాఫ్ట్‌కి దాని సంగతే తెలియదు. 3000 దగ్గర థర్డు నుంచి సెకండుకి వస్తే షాఫ్ట్ 4259కి చేరాలి. ఆ 1259 తేడాని సింక్రోనే మోస్తుంది. క్లచ్ వదిలినప్పుడు కుదుపు రాకపోవడం, క్లచ్ ప్లేటు తక్కువ అరగడం మాత్రమే దీని లాభం.

సింక్రో భారం తగ్గాలంటే న్యూట్రల్‌లో క్లచ్ ఒకసారి వదిలి, అప్పుడు యాక్సిలరేటర్ నొక్కి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. అదే డబుల్ క్లచ్. ఇలా చేస్తే గరగర పూర్తిగా పోయిందంటే ఆ గేరు రింగు అరిగిందనడానికి అది మంచి సాక్ష్యం కూడా. డబుల్ క్లచ్‌తోనూ గరగరమంటే మళ్లీ క్లచ్ దగ్గరికే వెళ్లాలి.

## విప్పక తప్పనప్పుడు

గేర్‌బాక్సు తెరిచాక రింగు అరుగుదల ఊహతో చెప్పాల్సిన పని లేదు. రింగుని శంకువు మీద ఒత్తి పట్టుకుని, రింగు పళ్లకీ డాగ్ పళ్లకీ మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. చాలా గేర్‌బాక్సుల్లో కొత్తప్పుడు అది ఒకటీ ఒకటిన్నర మి.మీ. మధ్య ఉంటుంది. మాన్యువల్ పరిమితి కంటే తగ్గితే రింగు శంకువు మీద లోతుగా దిగిపోతోందని అర్థం. ఖాళీ సరిపోయినా లోపలి సన్న గాడులు నున్నబడితే మార్చాల్సిందే. శంకువు నీలంగా మాడినా, డాగ్ పళ్ల కొసలు మొండిబారినా కొత్త రింగు ఒక్కటి వేసి మూసేస్తే గరగర కొన్నాళ్లకే తిరిగి వస్తుంది.

వాడిన గేర్‌బాక్సు తెచ్చి ఎక్కించడం మేలా, ఉన్నదాన్ని కట్టించడం మేలా అన్నది బండిని బట్టి మారుతుంది. ఎక్కువ సంఖ్యలో తయారైన మోడల్ అయితే వాడినది తేలిగ్గా దొరుకుతుంది, పని ఒక రోజులో అవుతుంది. దాని సెకండు సింక్రో వయసు కూడా దాదాపు అంతేనన్నది దాని బలహీనత. కట్టించడంలో ఏ భాగం కొత్తదో కచ్చితంగా తెలుస్తుంది. కానీ షిమ్‌ల (సందు సరిచేసే పలచటి రేకుల) మందం, బేరింగుల బిగువు కొలిచి పెట్టగల చేయి కావాలి. ఆ చేయి లేకపోతే సెకండు బాగుపడి థర్డు రొద పెడుతుంది. చట్రం నంబరుతో పాటు గేర్‌బాక్సు నంబరు కూడా కలవాలనుకునే అరుదైన బండ్లలో రెండో దారి ఒక్కటే మిగులుతుంది.

ఏ దారి పట్టినా గేర్‌బాక్సు కిందికి దిగిన రోజే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ఫోర్కు ఇరుసు, క్రాంక్ వెనక సీలు, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు చూసి మార్చేస్తారు. వాటి ఖరీదు కంటే మళ్లీ దించే కూలీ ఎక్కువ. కొత్త ఇత్తడి రింగులు శంకువుకి సరిగా ఒదగడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ కొద్దికాలం గేరు కాస్త బిగువుగా పడటం మామూలే. ఒదిగాక ఆ మొదటి ఆయిల్‌ని తీసి చూస్తే కొద్దిగా ఇత్తడి మెరుపు ఉంటుంది, రెండోసారి తీసినప్పుడు అది కనబడకూడదు.